వరుసలో ఆకుపచ్చ బిందె

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఆకుపచ్చ బిందె తనంతట తాను నడిచేది. మా తాతయ్య మిరపకాయల మండీ మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి.

పురసవాక్కంలో బట్టల కొట్ల వెనక సందు మాది. అప్పట్లో మాకు నీళ్ళంటే లారీ నీళ్ళే. తెల్లవారగానే ప్రతి ఇంటివాళ్ళూ ఒక ప్లాస్టిక్ బిందె తెచ్చి వరుసలో పెట్టి, వంటపని చూసుకోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. వరుస కదిలితే వెనకున్నవాళ్ళు ముందు బిందెను కాలితో జరుపుతారు గానీ దాటిపోరు. ఎంత గొప్ప నగల కొట్టు యజమాని అయినా, ఇంకొకరి బిందెను దాటితే మా వీధిలో తలెత్తుకోలేడు.

ఆకుపచ్చ బిందె పక్కింటి అక్కది. గుర్తుగా దాని మెడకు పాత రిబ్బను ముక్క కట్టుకునేది. నా కోతలు విని విని నాకు పుళుగుమూట అని పేరు పెట్టింది. అరవం కలిసిన మా మాటల్లో అబద్ధాల మూట అని దానర్థం. ఒక పొద్దున లారీ చూసుకోకుండా వెనక్కి వచ్చింది. గోడకూ లారీకీ మధ్య అక్క ఉండింది. అంతకన్నా చెప్పలేను.

కొన్నాళ్ళకు వాళ్ళమ్మ ఆ బిందెను మళ్ళీ తెచ్చి వరుసలో పెట్టింది. ఆమెను నేను పెద్దమ్మ అనేవాణ్ణి. పెట్టి, గడప మీద కూర్చుంది. వరుస కదిలింది, బిందె కూడా కదిలింది. దాని వెనక బిందె మాదే. నేను కాలు పెట్టలేదు, చెయ్యీ వెయ్యలేదు. లారీ గొట్టం దాకా వచ్చాక పెద్దమ్మ లేచి, దాన్ని ఖాళీగానే ఎత్తుకుని లోపలికి పోయింది. ఆనాటి నుంచి రోజూ అంతే.

ఓట్లొచ్చాయి. కొళాయి వేస్తేనే ఓటని వీధి కుర్రాళ్ళు పంతం పట్టారు. తాతయ్య మండీ మెట్ల మీద నిలబడి అరిచాడు. "ఓటు వెయ్యకపోతే వానికేం నొప్పిరా? వేసి అడగండి. గెలిచినాక ఆడికి పోయి కూర్చోని అడగండి!" అన్నట్టే మండీ మూసుకుని మరీ పోయి వార్డు ఆఫీసు బెంచీ మీద కూర్చునేవాడు. వీధివాళ్ళూ వెంట పోయేవాళ్ళు. చివరికి నిజంగానే గొట్టాలు దిగాయి, కొళాయి నిలబడింది. మామూలు మనుషులు అడిగితే ఇంత పని జరుగుతుందని నేను చూడటం అదే మొదటిసారి.

కొళాయి తెరిచే రోజు అలవాటు చొప్పున బిందెలు వరుసగా పెట్టాం. అందరికన్నా ముందు ఆకుపచ్చది. కౌన్సిలర్ మెడలో దండతో వచ్చి, కొళాయి తిప్పి, "ఎవరిదమ్మా ఈ బిందె? పిలవండి, మొదటి నీళ్ళు వాళ్ళకే" అన్నాడు.

"నా కూతురిదయ్యా," అంది పెద్దమ్మ. "నువ్వే పిలువు. నీ మాటకైనా వస్తాదేమో."

తాతయ్య మెల్లగా, "ఆయన చేతిలో ఉండేది కొళాయి వరకేనమ్మా" అన్నాడు.

"తెలుసన్నా. ఆ కొళాయి ముందే తిప్పుండొచ్చు గదా అంటుండా."

కౌన్సిలర్ దండ తీసి పక్కన పెట్టాడు. వంగి, ఆ బిందెను తనే నింపి, పెద్దమ్మ గడప దాకా మోసుకెళ్ళాడు.

ఇప్పుడు నేను అదే నగరం చివర షోళింగనల్లూరులో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. ఈడా నీళ్ళు లారీలోనే. పొద్దున అది వెనక్కి వస్తూ కూత పెట్టిందంటే కాఫీ వదిలేసి బాల్కనీలోకి పరిగెత్తి, వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తాను. ఓటు ఎప్పుడూ మానలేదు. వేలి మీద సిరా పోకముందే వార్డు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడతాను. "అంత తొందరేముంది సార్?" అంటారు పక్క ఫ్లాటువాళ్ళు.

ఇక ఆ ఒట్టు సంగతి. నేను కల్పించింది బిందె నడక అనుకుంటున్నారు గదా? కాదు. కౌన్సిలర్ దండ తీసి వంగాడన్నానే, అదే నా పుళుగు. ఆయన తల వంచుకుని కారెక్కాడు. బిందె కొళాయి ముందు ఖాళీగా నిలబడిపోయింది. ఆ రోజు మాత్రం అది నడవలేదు. నీళ్ళు కాలవలోకి పోతూనే ఉన్నాయి. దాని వెనక వీధి వీధంతా బిందెలతో నిలబడింది. ఎవరూ దాటలేదు.