కాంగల్ రాజు మీద వేసిన బగ్

ముందే చెబుతున్నాను, చిలవలు పలవలు చేర్చకుండా నాకు మాట రాదు. త్వరగా రిటైరయ్యాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. తగ్గించుకుని చదవండి.

కోవిడ్ సద్దుమణిగి ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను అమెరికాలోని క్యారీ ఊళ్లో ఒక చిన్న కంపెనీకి టెస్ట్ లీడ్‌గా వేశారు. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు, అంటే బగ్‌లు, వెతికించి, విడుదలకు సరేనని సంతకం పెట్టే కొలువది. ప్రాజెక్టు ఒక మ్యూజియం కోసం చేసిన ఆట: ఏడో శతాబ్దపు ఐర్లండ్ రాజు కాంగల్ పాలన. ఆటగాడే రాజు. పొరుగువాళ్ల పశువులను తోలుకురావాలి, సామంతుల బిడ్డలను బందీలుగా ఉంచుకోవాలి, విందులివ్వాలి. అంతా సజావుగా సాగుతుండగా తేనెటీగ కంట్లో కుడుతుంది. ఆ కన్ను పోతుంది. దాంతోపాటే తారా అనే రాజధానిలోని సింహాసనమూ పోతుంది.

మా మేనేజర్ ప్రసాద్‌గారు ఆడి చూసి వేసిన కేకకు పార్కింగ్‌లోని కార్లన్నీ అలారాలు మోగించాయి. “ఈగ కుడితే రాజ్యం పోవడమేంటండీ? క్లయింట్ నవ్విపోతాడు!” అంటూ అత్యంత తీవ్రమైన బగ్‌గా నమోదు చేశారు. ఆ స్థాయి బగ్ తెరిచి ఉంటే విడుదల ఆగిపోతుంది. పైగా మా దగ్గర బగ్ వేసినవారే దాన్ని మూయాలి.

విడుదల ఆగితే ఆట రాసిన మాధవి కాంట్రాక్టు పొడిగించరు. ఆమె వీసా దాని మీదే ఆధారపడి ఉంది. ‘ఇది అనుకున్నట్టే పనిచేస్తోంది’ అని రాసి ఆమె తిప్పి పంపేది. ఆయన చదవకుండానే మళ్లీ తెరిచేవారు. ఆ బగ్ అటూ ఇటూ తిరిగిన దూరానికి ఐర్లండ్ వెళ్లి రావచ్చు.

“అన్నా, దేహానికి లోపమొస్తే రాజు గద్దె దిగాలని వాళ్ల రివాజు. ఈగల ముచ్చట వాళ్ల పాత చట్టంలనే ఉంది. చరిత్రను నేనెట్ల ఫిక్స్ చేయాలె?” అంది మాధవి.

“ఈగను తీసెయ్యమంటున్నారు కదమ్మా.”

“ఈగను తీసేస్తే మ్యూజియమోళ్లు నన్ను తీసేస్తరు!”

విసుగు నెత్తికెక్కింది. ఈగ జోలికి పోవద్దన్నాను. అది కుట్టే ముందు రాజుగారి కొలువులోని న్యాయాధికారి తెర మీదికొచ్చి ఆ రివాజు చెప్పే దృశ్యం ఒకటి చేర్పించి, ప్రసాద్‌గారిని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఆయన న్యాయాధికారి మాటలు శ్రద్ధగా చదివి, రాజు దిగిపోగానే తలూపి, బగ్ మూసేశారు. నేను సంతకం పెట్టాను. మాధవి కాంట్రాక్టు పొడిగించారు.

తప్పు పట్టుకోవడం టెస్టర్ పనిలో సగమేనని అప్పుడు తెలిసింది. తప్పు కానిదాన్ని ఎవరూ దిద్దకుండా ఆపడం మిగతా సగం.

ఇక కల్పన సంగతి. రాజు, ఈగ, చట్టం నిజమే. పూర్తిగా నేను పుట్టించింది ఒక్కటే, ప్రసాద్‌గారు చదివారన్నది. న్యాయాధికారి నోరు తెరవగానే ఆయన స్కిప్ నొక్కారు. రాజు గద్దె దిగాక నా వైపు తిరిగి, “చూశారా, నేను చెప్పాక ఎంత బాగా కుదిరిందో!” అన్నారు.