తాకితే తెరుచుకునే పంపు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. సింగపూర్‌లోని యీషున్‌లో సరళ ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఆంటీకి వేళ్ల నొప్పులని, తాకితే నీళ్లొచ్చే పంపును నేనే ఎంపిక చేసి వంటింట్లో పెట్టించాను.

ఒక శనివారం నేను నిద్ర లేవకముందే ఆంటీ గుడికి వెళ్లారు. లేచాక, వారమంతా పనిచేసిన అలసటలో నా కప్పు కడిగి, తడి మసిగుడ్డను ఆ పంపు మీదే ఆరేసి బయటికెళ్లాను. అది జారుతూ పంపును తెరిచి, సింకు జాలీకి అడ్డుపడింది. తిరిగొచ్చేసరికి ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని నేల మీది నీళ్లు ఎత్తుతున్నారు. సింకులో గుడ్డను చూడగానే నాకు అర్థమైంది. చెప్పబోయాను. ఈలోగా ఆంటీయే అన్నారు.

“వెళ్లేముందు పంపు ఆపానో లేదో గుర్తే రావట్లేదు. మా అమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది. మా అబ్బాయికి మాత్రం చెప్పకమ్మా.”