ఎండల్లో తీసుకున్న అరకడవ

పులివెందులలో మా పక్కింటివాళ్లు మేడ కట్టుకోవడానికి నిన్న ఒక లారీ పెన్న ఇసుక తోలించారు. తడి ఆరని ఆ వాసన కిటికీలోంచి వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ, పోయినవన్నీ లెక్క వేసుకున్నాను: జమ్మలమడుగు దగ్గర ఏట్లో మా వీధివాళ్లు తవ్వుకున్న చెలమ, దాని గట్టున పాదాల మీద ఇసుక మెత్తి మేం కట్టిన పిట్టగూళ్లు, కొబ్బరిచిప్పకు కర్ర గుచ్చిన కొలత గరిటె, అది పట్టిన జేజి, రెండేళ్ల చెల్లెలు.

ఎండాకాలం బావులెండితే ఏటి ఇసుకలో గుంత తవ్వి, అడుగున ఊరే నీళ్ల కోసం, సంగటి ముద్దా ఎర్రగడ్డా అక్కడే తింటూ కాచుకునేవాళ్లం. ఇంటికిన్నా, తలకిన్నా అని తగువు వస్తే, మా నాయన తల్లి అయిన జేజి తలలు లెక్కపెట్టి పంచేది. కొలిచేవాళ్లు అందరికంటే కడపట తీసుకోవాలన్నది ఆమె నియమం. ఆ భయం ఉంటేనే చెయ్యి సరిగ్గా కొలుస్తుందట.

ఒక కరువు ఏట చెల్లెలికి జ్వరం తగిలింది. ఊట సన్నగిల్లింది.

“అత్తా, బిడ్డకు నోరెండుకపోతాంది. ముందు ఒక్క చెంబు ముంచుకుందాం,” అని అమ్మ బతిమాలింది.

“ఈపొద్దు మన బిడ్డ, రేపు ఇంగొకరి బాలింత. కొలిచే చెయ్యే ముందు ముంచుకుంటే నన్నెవురు నమ్ముతారు మేయ్?”

మా వంతు వచ్చేసరికి చెలమలో బురదే మిగిలింది. అందరూ తల తిప్పకుండా పోయారు. నెత్తిన నిండు కడవ ఉన్నవాళ్లకు అంతకంటే మంచి సాకు లేదు. పక్కింటి మగ్గంవాళ్ల కోడలు ఖైరున్ ఒక్కతే వెనక్కి వచ్చి, కడవ దించి, సగం మా కడవలోకి వంచబోయింది.

“వద్దమ్మా, మీ యింట్లో తొమ్మిది మంది గదా. లెక్క తప్పుతాది,” అంది జేజి.

“చెలమలో నీళ్లకు నీ లెక్క పెద్దమ్మా. నా కడవలోకొచ్చినాక నా లెక్క.”

ఆ నీళ్లు తాగి చెల్లెలు రెండు రోజులు కళ్లు తెరిచి చూసింది. మూడోనాడు పోయింది. ముందే ఒక చెంబు ముంచుకుని ఉంటే బతికేదా అని ఎన్నోసార్లు లెక్క వేశాను. ఎప్పుడూ శేషం లేకుండా తెగలేదు.

మళ్లీ కొలవమని వీధివాళ్లు వస్తే జేజి గరిటె వాళ్ల చేతికే ఇచ్చింది. “నాకిప్పుడు మీమీద కోపముండాది నాయనా. కోపముండే చెయ్యి కొలవగూడదు.”

వానలు పడి ఏరు పారినాక, జేజి అరకడవ నీళ్లు చంకన పెట్టుకుని ఖైరున్ గడపలో దించింది. ఖైరున్ నవ్వింది.

“ఏరొచ్చినాక తెచ్చిస్తాండావా? శానా తెలివి నీది! ఎండల్లో తీసుకునింది ఎండల్లోనే ఇయ్యాల పెద్దమ్మా.”

నవ్వుతూనే జేజి చేతులు పట్టుకుని ఏడ్చింది. మళ్లీ ఎండలు రాకముందే వాళ్లు మగ్గం విప్పుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. పెద్దయ్యాక అక్కడి నేతవీధులన్నీ తిరిగాను, దొరకలేదు.

ఇప్పుడు చెలమ తవ్వడానికి ఏట్లో ఇసుక లేదు. మా కిటికీ పక్కన కుప్పగా ఉంది. కుళాయి తిప్పితే ఎన్ని కడవలైనా నింపగలను. ఖైరున్ లెక్కలో అవి చెల్లవు. ఎండల్లో నీళ్లు, అరకడవ, ఇంకా బాకీ.