అరచేతిలో ఆరు చప్పుళ్లు

మొన్న మనవరాలు బడి వాళ్లతో ఏదో అడవి కేంద్రానికి వెళ్లొచ్చి, సంచీ గుమ్మంలోనే పడేసి నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "కళ్లు మూసుకో అమ్మమ్మా. ఎన్ని చప్పుళ్లు వినిపిస్తే అన్ని వేళ్లు ఎత్తు" అంది. ఆ ఆట నాకు తెలుసు. కళ్లయితే మూసుకున్నాను గానీ వేలు లేవలేదు.

నాకు పదేళ్లప్పుడు, మావాళ్లు కార్ఖానా పనికి వలసెళ్లిన హిందీ ఊరు కాసిడీహ్‌లో మా బడి పిల్లల్ని డల్మా కొండ మీది ప్రకృతి కేంద్రానికి తీసుకెళ్లారు. తోడుకి ఒక పెద్దమనిషి కావాలంటే, ఆ రోజు సెలవు కనక మా నాన్న బయల్దేరాడు. కార్ఖానాలో క్రేన్ నడిపే ఆయన, తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అడవికి పెళ్లివారిలా వచ్చాడు. అసలా రోజుల్లో నాకు నాన్నంటే ఒళ్లుమంట. పిలిస్తే పలకడు. మార్కుల గురించి చెబుతుంటే మధ్యలో లేచిపోతాడు. నేనంటే ఇష్టం లేదని గట్టిగా నమ్మేశాను.

కేంద్రంలో అడవిని చూపించే ముసలాయన మమ్మల్ని సాల్ చెట్ల కింద కూర్చోబెట్టి, అడవిని ముందు చెవులతో చూడాలని హిందీలో చెప్పాడు. కళ్లు మూసుకున్నాం. ఎండుటాకుల్లో ఏదో పాకింది. వడ్రంగిపిట్ట మానుని టకటకా కొట్టింది. కింద ఎక్కడో నీళ్లు. మొత్తం ఆరు లెక్కపెట్టి గర్వంగా ఒక కన్ను తెరిచి చూద్దును కదా, నాన్న నా చేతులకేసే చూస్తున్నాడు! గబగబా తనూ ఆరు వేళ్లు ఎత్తేశాడు.

"నకల్ కియా! మా నాన్న నకల్ కియా!" అని, నన్ను చూసి కాపీ కొట్టాడని కొండంతా వినపడేలా అరిచాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

దిగేటప్పుడు నా చెప్పు తెగింది. ముందు నడుస్తున్న నాన్నని నాలుగుసార్లు పిలిచాను. ముసలాయన ఆగాడు, పిల్లలంతా ఆగారు. నాన్న మాత్రం సాగిపోతూనే ఉన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. రోజూ కార్ఖానా సైరన్ కూయగానే అమ్మ ఆయన భుజం ఎందుకు తడుతుందో కూడా అర్థమైంది.

ఇంటికెళ్లి అమ్మని నిలదీశాను. "ఎవులికీ సెప్పకే అమ్మీ! కిందనుంచి కేకేత్తే కిరేన్ మీదోడికి ఇనబడాల. తెలిత్తే దించేత్తారు" అంది. అడవిలో నేనేం అరిచానో చెప్పాను. అమ్మ పొయ్యిలో మంట ఆర్పేసి, ఎవరెవరు విన్నారో పేరుపేరునా అడిగింది. ఆ పిల్లల్లో సగంమంది తండ్రులు నాన్నతో పనిచేసేవాళ్లే.

నెల తిరక్కుండా చెవి పరీక్షకి పిలిచారు. క్రేన్ మీంచి దింపి, గేటు దగ్గర కూర్చోబెట్టారు. నా వల్లేనని ఇంట్లో ఎవరూ అనలేదు. వాళ్లు అనకపోతే మాత్రం నాకు తెలీదూ! నాన్న ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏటే అమ్మీ, కిరేన్ పోతే పోనాది. ఆ దినాన ఆరు ఇన్నావు గదా, ఏటేటో సెప్పు" అని అరచెయ్యి చాపాడు. కాయలు కాసిన ఆ చేతిలో వడ్రంగిపిట్టని వేలితో కొట్టి చూపించాను. ఆకుల్లో పాకినదాన్ని గోటితో పాకించాను. నీళ్లని మణికట్టు దాకా పారించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. పోయేదాకా ఎన్ని పిట్టల్ని విన్నాడో అలా!

"ఎన్ని అమ్మమ్మా?" అని మనవరాలు మళ్లీ గదమాయించింది. ఏడు వినిపించాయి. చెప్పుకోడానికి ఆ చెయ్యి లేదు. ఏళ్లు గడిస్తే నా తప్పు చిన్నదవుతుందనుకున్నాను. గడిచిన ఏళ్లు నాన్ననే దూరం చేశాయి.