కోటు అంచులో పదిహేడు మాత్రలు

మా వీధిలో ఆమెను అందరూ మాత్రలమ్మ అనేవాళ్ళు. అదీ వెనకాలే. ఎదురుగా అంటే తాట తీసేది. ఆరోగ్య కేంద్రంలో కార్యకర్త. టీబీ వచ్చినవాళ్ళ ఇళ్ళకు రోజూ పొద్దున్నే వెళ్ళి, తన కళ్ళముందే మాత్రలు మింగించడం ఆమె పని. నేను దర్జీని. నాకు ఆ జబ్బు వచ్చిన ఆరు నెలలూ నా కుట్టు మిషను ముందు నిలబడి ఆమె పెట్టిన హింస ఇంతా అంతా కాదు.

“మింగావా? నోరు తెరువు. ఆ... నాలుక ఎత్తు.”

“చిన్నపిల్లాణ్ణా నేను? మింగానంటున్నాగా!”

“కబుర్లు బాగానే చెప్తావు. నిన్న ఒకాయన కూడా ఇలాగే చెప్పాడు, నాలుక కింద రెండు దొరికాయి. ఎత్తవయ్యా!”

కొలతలిద్దామని వచ్చినవాళ్ళు నోరు నొక్కుకుని నవ్వేవాళ్ళు. ఆ మాత్రలతో కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది. ఆమెను తిట్టుకోని రోజు లేదు. సరే, బతికాను, అది వేరే సంగతి.

నెలకోసారి బడి వరండాలో బొమ్మల చార్టు తగిలించి మాట్లాడేది. “దగ్గు తగ్గితే జబ్బు తగ్గినట్టు కాదు. మందు సగంలో ఆపారో, మిగిలిన క్రిములు మొండికేస్తాయి. ఆ తర్వాత ఈ మాత్రలు వాటినేమీ చెయ్యలేవు.” వినేవాళ్ళు పదిమంది. అందులో సగంమంది నీడకోసం వచ్చినవాళ్ళే.

అలాంటి మనిషి సొంత తమ్ముడికే ఆ దగ్గు వచ్చింది. బస్సు డ్రైవరు. నా కొట్టుకు ఎదురిల్లు. అతనికి మూడేళ్ళప్పుడు తల్లి పోతే ఈమే పెంచింది. మొదటిరోజు మందుల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతను మాత్రలు మింగాడు.

“నోరు తెరువు.”

అతను నవ్వబోయి ఆగిపోయాడు. వీధిలో జనం చూస్తున్నారు. “నన్ను కూడా నమ్మవా అక్కా? నీ చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి.”

ఆమె పెట్టె మూసేసింది. మర్నాటినుంచి వారానికోసారి మాత్రల పొట్లం చేతికిచ్చి, రోజూ మింగినట్టు మందుల కార్డు మీద తనే టిక్కులు పెట్టుకుని వెళ్ళిపోయేది. మాకో నీతి, తమ్ముడికో నీతి అని నేను లోపల నవ్వుకున్నాను. పాపిష్టి నవ్వు.

మూడో నెలలో అతను యూనిఫాం కోటు తెచ్చాడు. “వదులైపోయిందన్నా, కాస్త బిగించు.” కింది అంచు కుట్టు విప్పితే చేతికి గట్టిగా ఏవో తగిలాయి. జేబుకు చిల్లి ఉంది, అందులోంచి జారి అంచులోకి చేరాయి. మాత్రలు. పదిహేడు. ఆరు నెలలు మింగినవాణ్ణి, నాకు తెలియదా అవేంటో!

మా నాన్న నాకు పని నేర్పినప్పుడు మొదట చెప్పింది సూదిలో దారం ఎక్కించడం కాదు. జేబులో దొరికింది మళ్ళీ జేబులోకే పోవాలి, మన నోట్లోంచి బయటికి రాకూడదు, అన్నాడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు నేను. ఎవరెవరి ఉత్తరాలో దొరికాయి, మడిచి పెట్టేశాను. ఈ మాత్రలనూ కాగితంలో చుట్టి, చిల్లి కుట్టి, అదే జేబులో పెట్టాను.

కోటు తీసుకునేటప్పుడు అతను జేబు తడిమి నా ముఖం చూశాడు. “అక్కకు చెప్పకన్నా. వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయి, బస్సు నడపొద్దూ? అయినా దగ్గు తగ్గిపోయిందిగా.”

“నాకెందుకులే,” అన్నాను. సాక్షాత్తూ ఈ నోటితోనే అన్నాను.

రెండు నెలలకు దగ్గు తిరగబెట్టింది. ఈసారి రక్తంతో. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి మందులకు లొంగని రకం అన్నారు. ఏడు నెలలు తీసుకుని తీసుకుని పోయాడు.

అతను పోయిన పదిరోజులకు మాత్రలమ్మ పనిలోకి వచ్చింది. నా కొట్టు ముందునుంచి పోతుంటే పిలిచి, కోటు సంగతి చెప్పేశాను. ఇక దులిపేస్తుందని తల వంచుకుని కూర్చున్నాను.

“ఎన్ని?” అంది.

“పదిహేడు.”

“ఎప్పుడు?”

“మూడో నెలలో.”

వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. “అప్పటికి ఇంకా ఈ మాత్రలకే లొంగేదేమో...” అని పెట్టె చంకలోకి సర్దుకుంది. “నీ పని జేబులు కుట్టడం. నోరు చూడటం నా పని కదయ్యా,” అని వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండేది. ముఖాన ఉమ్మేసినా పడేవాణ్ణి.

అంతటితో అయిపోలేదు. ఆ పాడు జబ్బు అతని కూతురికీ అంటుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. అదే మొండి రకం. దానికి వేరే మాత్రలు, నెలల తరబడి రోజూ మింగాలి.

మొన్న పొద్దున మాత్రలమ్మ ఎదురింటి గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడింది. పిల్ల నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

“మింగేశానత్తా.”

“నోరు తెరువు.”

“నన్ను కూడా నమ్మవా అత్తా?”

ఆ మాట ఇంతకుముందు ఎవరన్నారో పిల్లకు తెలియదు. నా కాలు మిషను మీద ఆగిపోయింది. మాత్రలమ్మ కళ్ళ నీళ్ళు ధార కట్టాయి. తుడుచుకోలేదు. పిల్ల గడ్డం పట్టుకుని ముఖం వెలుతురులోకి తిప్పింది.

“నమ్మనమ్మా,” అంది. “నాలుక ఎత్తు.”