లారీ బాబాయి వయసు లెక్క

ఆ రోజుల్లో కొత్తగా నేర్చుకున్న సంగతి ఎవరికో ఒకరికి చెప్పేదాకా నాకు అన్నం సయించేది కాదు. ఇంటర్లో మా ఫిజిక్స్ సారు ఒకరోజు, సిలబస్‌లో లేకపోయినా, సాపేక్ష సిద్ధాంతం చెప్పారు. వేగంగా ప్రయాణించేవాళ్లకి కాలం నెమ్మదిగా నడుస్తుందట! (ఎంత వేగమో కూడా చెప్పే ఉంటారు. ఆనందంలో నేను అక్కడితో వినడం మానేశాను.)

అదే వారం మా బాబాయికి రెడ్డిగూడెంలో పెళ్లిచూపులు. తిరువూరు నుంచి మామిడికాయల లోడుతో ఊళ్లు తిరిగే లారీ ఆయనది. ఆ తిరుగుడులో ముప్పై అయిదు దాటిపోయాయి. వచ్చిన సంబంధమల్లా వయసు దగ్గరే ఆగిపోయేది. ఇదీ తప్పిపోతే ఇక పెళ్లి ఊసెత్తవద్దని నానమ్మతో తెగేసి చెప్పి మరీ బయల్దేరాడు. అనుకున్నట్టే పెళ్లికూతురి మేనమామ, అబ్బాయికి కాస్త వయసెక్కువేమోనని నసిగాడు. అందరూ ఫ్యాను వైపు చూస్తుంటే నేను సున్నుండ గబుక్కున మింగి రంగంలోకి దిగాను. లారీలో తిరిగేవాళ్లకి వయసు నెమ్మదిగా పెరుగుతుందనీ, ఆ లెక్కన బాబాయి కనిపించేదానికంటే చిన్నవాడేననీ, ఇది సైన్సనీ చెప్పాను. ఎంత తగ్గుతుందమ్మా అని మేనమామ శ్రద్ధగా అడిగాడు. నాన్న దగ్గర ఫోను తీసుకుని, సారు బోర్డు మీద రాస్తే ఎక్కించుకున్న సూత్రంతో లెక్క వేస్తే సున్నాలు తప్ప అంకె రాదే! ఇన్నేళ్లు తిరిగి బాబాయి మిగుల్చుకున్నది రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేదు. "తగ్గుతుందండీ, కాకపోతే కొంచెం" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి తల వంచుకుని కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. సంబంధం నా నోటివల్లే చెడిందని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడు పెళ్లికూతురు నా వైపు తిరిగింది.

"అయితే ఆయన లారీలో తిరుగుతుంటే, ఇంట్లో కూర్చున్న నేను ముందు ముసలిదాన్నయిపోతానా?"

అవునండీ అన్నాను, ఇంకేం చెప్పను! ఆవిడ బాబాయి వైపు సూటిగా చూసింది.

"అలాగైతే నేనూ లారీ ఎక్కుతానండీ. ఎక్కించుకుంటారా?"

"పక్క సీటు ఖాళీగానే ఉందండీ" అన్నాడు బాబాయి. (పెళ్లిచూపుల్లో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.)

ఇప్పుడు నేనూ తిరువూరులో ఫిజిక్స్ చెబుతున్నాను. రోజూ బస్సులో వచ్చేవాళ్లం హాస్టల్ వాళ్లకంటే చిన్నవాళ్లమా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. కాంతి వేగంతో పోలిస్తే మన బస్సు కదలనట్టేనని ఓపిగ్గా దిద్దుతాను. మామిడి సీజన్లో మాత్రం బాబాయి లారీ మా కాలేజీ ముందు నుంచి వెళ్తుంది. పక్క సీట్లోంచి పిన్ని చెయ్యి ఊపుతుంది. ఇద్దరూ పెళ్లినాటి నవ్వులతో అలాగే ఉన్నారు. నా పాపిట్లో మాత్రం మొన్ననే తెల్ల వెంట్రుక కనిపించింది, బోర్డు ముందు కదలకుండా నిలబడేది నేనేగా మరి.