ఫొటోలో లేని పనస

రాతల బాబు ఇల్లు తెరిచిన రోజునే అక్కడ నెత్తురు పడింది. ముందు గదిలో చలి కాచుకునే పొయ్యి ఉంది. అందులో ఏళ్ల తరబడి పేరుకున్న ఎండుటాకుల్ని కూలివాడు పోతురాజు చేత్తో లాగబోతే రక్తపింజరి బుస్సుమంది. కూలివాళ్లంతా ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి ఉరికారు. కొర్రా రాజకుమారి ఒక్కతే గునపం పట్టుకుని లోపలికి నడిచింది. ధన్ ధన్‌మని చప్పుడు వినిపించింది. కాసేపటికి తల నుజ్జయిన పామును గునపం కొనకు వేలాడదీసుకుని అరుగు మీదికి వచ్చింది.

"సచ్చింది, రండి. మగోలంతా సీరలు కట్టుకుని మరీ రండి," అంది.

అనంతగిరి దాటాక కాఫీ తోటల మధ్య ఉంది ఆ ఇల్లు. ఒకప్పుడు పెద్ద పేరున్న రచయిత అందులో ఉండేవాడు. ఆయన రాసినవి బడుల్లో పాఠాలుగా చెప్తారు. కొండ మీద మాత్రం ఆయన పేరు ఎవరికీ పట్టదు. పొద్దస్తమానం రాస్తూ కూర్చునేవాడు కాబట్టి రాతల బాబు, అంతే. ఆయన పోయాక పైకప్పు పెంకులు జారిపోయాయి, తలుపుల్ని చెదలు తినేశాయి, తోటంతా పులికంప అల్లుకుంది. ఇప్పుడు వైజాగులోని ఒక ట్రస్టు ఆ ఇంటినీ తోటనూ ఆయన ఉన్నప్పటిలాగే నిలబెట్టాలనుకుంది. ఏది ఎక్కడ ఎలా ఉండేదో వెతికి తేల్చే పని బిందుమాధవిది. కట్టుబడి కాంట్రాక్టు ఎస్.కోట నుంచి వచ్చిన కొండబాబుది.

రాజకుమారి తల్లి సొనాయి ఆ ఇంట్లోనే వంట చేసేది. రాజకుమారి పుట్టి పెరిగింది ఆ వంటింటి వెనకే. ఒళ్లు దాచుకోని మనిషి. చెయ్యి కూడా దాచుకోదు. మొగుడు ఫల్గుణ ఒకసారి తాగొచ్చి జుట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నిటారుగా చాపలేడు. అలాగని కాపురమేమీ చెడలేదు. ఎవరైనా అడిగితే, "నా పెళ్లాం ఇరగ్గొట్టింది" అని అతనే చెప్పుకుంటాడు.

పని మొదలైన కొన్నాళ్లకే తూర్పు గోడ కూలింది. వానలు వచ్చేలోగా బేగి తెమలాలని కొండబాబు గోడకు పెట్టిన ఊతకర్రలు ముందుగానే తీయించేశాడు. గోడ పోతురాజు మీద పడింది. మట్టిలోంచి లాగేసరికి అతని భుజం ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చి ఉంది. "సూసుకోవద్దేట్రా ఎదవా" అని కొండబాబు అతన్నే తిట్టాడు. రాజకుమారి వెళ్లి కొండబాబు చొక్కా పట్టుకుంది. గుండీలు తెగి రాలాయి. బిందుమాధవి మధ్యలోకి రాకపోతే ఆ రోజే అయిపోయేది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బిందుమాధవి పాత ఫొటో తీసుకుని రాజకుమారి పక్కన కూర్చుంది. ముందు తోటలో పెద్ద పనసచెట్టు నీడన కూర్చున్నారిద్దరూ. ఫొటోలో పచ్చిక ఉంది, గులాబీ మళ్లు ఉన్నాయి, పేము కుర్చీలో రాతల బాబు ఉన్నాడు.

"ఈ పనస ఫొటోలో లేదే. అప్పటికి లేదా?" అంది బిందుమాధవి.

"నేదు మేడమ్. ఇది తరవాత మాయమ్మ ఏసింది. బాబుకి పండు తినాలనిపిత్తే మాయమ్మని అడిగి కోయించుకునీవోడు."

ఆ మాట రాజకుమారి గర్వంగా చెప్పింది. కొండ మీద నేల ఎవరిదైనా, మొక్క వేసిన వాళ్లదే చెట్టు. ఆ తర్వాత వాళ్ల బిడ్డలది. మా అమ్మ వేసింది అంటే నాది అని చెప్పినట్టే. బిందుమాధవి అదే మాటను ఇంకోలా రాసుకుంది. ఫొటో నాటికి లేనిది తోటలో ఉండకూడదని వాళ్ల నియమం. మర్నాడు పొద్దున్న రాజకుమారి పనికి వచ్చేసరికి పనస మానుకు చుట్టూ ఎర్రరంగు పట్టీ ఉంది.

"ఇదేటిది?"

"కొట్టీడానికి గురుతు," అన్నాడు కొండబాబు. "పాత తలుపులన్నీ పనస కర్రవే. కొత్తవి ఆ మానుతోనే సేయిస్తాం. ఇంటి కర్ర ఇంటికే."

"నేల మీ ట్రస్టోలదే కావచ్చు. సెట్టు మాది."

"గాల్లో మొలిసిందేటే నీ సెట్టు?"

ఆషాఢంలో ఇళ్లలో గింజలు అడుగంటినప్పుడు ఆ చెట్టే అన్నం పెడుతుంది. పచ్చి కాయ కూరకు, పండు పిల్లలకు, పిక్కలు కాల్చుకుని రాత్రికి. తన పిల్లలూ చెల్లెలు నిర్మల పిల్లలూ దాని మీదే వానాకాలాలు దాటారు. రాజకుమారి ఇదంతా చెప్తుంటే బిందుమాధవి ముఖం పాలిపోయింది. తన రాత ఎక్కడికి దారితీసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. "నేను ట్రస్టువాళ్లతో మాట్లాడి వస్తాను. అందాకా ఎవరూ చెట్టు ముట్టుకోవద్దు," అని వైజాగు బయల్దేరింది.

కొండబాబు ఆగలేదు. ఇటుకల పండుగ వచ్చింది. చైత్రంలో ఆ పండుగకు మగవాళ్లంతా విల్లమ్ములతో అడవికి వేటకు పోతారు. ఊళ్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి, పాడుతూ, వచ్చే పోయే బళ్ల దగ్గర పండగ డబ్బులు వసూలు చేస్తారు. వేట దొరక్కుండా వట్టి చేతుల్తో వచ్చే మగాళ్ల మీద పొయ్యడానికి పేడనీళ్లు కలిపి పెట్టుకుంటారు. ఊళ్లో మగవాడు లేని ఆ రోజే చూసి కొండబాబు జేసీబీ తెప్పించాడు.

జేసీబీ మలుపు తిరగడం రాజకుమారి చూసింది. "పాట ఆపండి," అంది.

దుంగ దగ్గర బండి ఆగింది. డ్రైవరు మల్లేశు పక్కన కూర్చున్న కొండబాబు నవ్వుతూ నోటు చాపాడు. "ఇంద, పండగ సేసుకోండి."

"డబ్బులొద్దు. బండి తిప్పు."

"సాలదేటి? ఈ ఏడు రేటు పెంచీసినారా?" ఇంకో నోటు తీశాడు. అతనికింకా అది పండగ అడ్డే. ఆడవాళ్లెవరూ నవ్వకపోవడం అతను గమనించలేదు. కిందికి దిగి, నోట్లు మడిచి రాజకుమారి బొడ్డులో దోపబోయాడు. ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టింది. రెండో చేత్తో అతను ఆమె చెంప పగలగొట్టాడు. "ఒరే మల్లేశూ, తోసీరా!" అని అరిచాడు.

జేసీబీ ముందుకు దూకింది. దుంగ దొర్లింది. దాన్ని పట్టుకుని నిలబడ్డ నిర్మల పాదం మీదుగా దొర్లింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. నిర్మల అరిచిన అరుపుకు మల్లేశే భయపడి బండి ఆపేశాడు.

రాజకుమారి నడుముకు కత్తి ఉంది. కొమ్మలు నరికే కత్తి. లాగి, వెనక వైపుతో ఒక్కటి వేసింది. కొండబాబు దవడ పక్కకు తిరిగిపోయింది. నోట్లోంచి పళ్లు, నెత్తురు కలిసి రాలాయి. పడినవాణ్ణి భుజం మీద కొట్టింది, మోకాలి మీద కొట్టింది. ఆడవాళ్లు మల్లేశును కాళ్లు పట్టి కిందికి ఈడ్చారు. మగాళ్ల కోసం కలిపిన పేడనీళ్లన్నీ అతని నెత్తిన గుమ్మరించి, రాళ్లతో జేసీబీ అద్దాలు పగలగొట్టారు. కొండబాబు మోచేతుల మీద పాకుతున్నాడు. రాజకుమారి అతని వీపు మీద కాలు వేసి, చేతిలో కత్తిని పదును వైపుకు తిప్పింది.

"అప్పా! ఒగ్గీ! అప్పా!" అని నిర్మల నేల మీద నుంచి అక్కకు కేక పెట్టింది.

కత్తి గాలిలోనే ఆగింది. కాసేపటికి రాజకుమారి దాన్ని కాఫీ మొక్కల్లోకి విసిరేసి, చెల్లెల్ని భుజాన వేసుకుంది.

స్టేషన్లో ఎస్సై అడిగాడు. "ఎవరు కొట్టారు?"

"ఎలుగుబంటి కొట్టింది బాబూ," అంది ఒక ముసలమ్మ.

"ఎలుగూ కాదు, పులీ కాదు. నానే కొట్టినాను," అంది రాజకుమారి. "సంపీసుందును. మా సెల్లి ఆపింది."

బెయిలు వచ్చేదాకా జైల్లో ఉంది. ఆ లోపల బిందుమాధవి తహసీల్దారు దగ్గరికి తిరిగి తిరిగి ఒక ఆర్డరు తెచ్చింది. ఈ గొడవ కేసు తేలేదాకా ఆ చెట్టును ఎవరూ కొట్టకూడదు. ఇంటి పని సాగింది. సున్నం పూత పూర్తయింది, గులాబీలు నాటారు. పనస మాత్రం ఎర్ర పట్టీతో అలాగే నిలబడింది.

మరుసటి వేసవిలో కొండబాబు మనిషిని పంపాడు. కేసు రాజీ చేసుకుందాం, నిర్మల కాలు విరిగినందుకు రాజకుమారి వాళ్లు పెట్టిన కేసు వాళ్లూ వదులుకోవాలి, చెట్టు కొడుతుంటే అడ్డు రాకూడదు. అంతే.

"ఒప్పీసుకో," అన్నాడు ఫల్గుణ. "మళ్లీ జైలుకి పోతావేటి?"

"కేసు పోతే సెట్టూ పోద్ది," అంది రాజకుమారి.

అరకు కోర్టు వరండాలో ఆమెకు లాయరు ధర్మతేజ నచ్చజెప్పాడు. కుర్రవాడు, ఫీజు లేకుండా వాదిస్తున్నాడు. "అక్కా, పోలీసులకి చెప్పింది ఇక్కడ లెక్కలోకి రాదు. జడ్జిగారు అడిగితే కొట్టలేదను. ఒప్పుకున్నావంటే కేసు ఇవాళే అయిపోతుంది, ఆర్డరూ పోతుంది. కాదన్నావంటే ఏళ్లు నడుస్తుంది."

"కొట్టినాను కదా బాబూ."

"తెలుసక్కా."

లోపల పిలిచారు. కొండబాబు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. దవడ అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. నోటి మూల నుంచి కారుతున్న చొంగను రుమాలుతో తుడుచుకుంటున్నాడు. రాజకుమారి ఆ ముఖం వైపే చూసింది. తన చెయ్యి చేసిన పని అది. దాచడానికి ఏమీ లేదు.

"నేరం ఒప్పుకుంటున్నావా?" అని జడ్జిగారు అడిగారు.

పెదవులు కదిలాయి.

"గట్టిగా చెప్పమ్మా."

"నాను కొట్టనేదు."

కొండబాబు ఏదో అనబోయాడు. దవడ తిరగక "అబద్దం" అన్న మాట ముద్దగా బయటికి వచ్చింది. గుమాస్తా అతన్ని కూర్చోమన్నాడు.

బయటికి వచ్చాక రాజకుమారి కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. తర్వాత పక్కనున్న గోడకేసి పిడికిలితో గుద్దింది. కణుపులు చిట్లి సున్నం మీద ఎర్రగా అంటుకున్నాయి. ఇంకోసారి గుద్దబోతుంటే కర్ర ఆనించుకుంటూ వచ్చిన నిర్మల ఆ చెయ్యి పట్టుకుంది.

"వాయిదా ఎప్పుడేసినారు?"

"సావణంలో."

"సావణమా?" నిర్మల వేళ్ల మీద నెలలు లెక్కేసింది. "అయితే అప్పటికి ఆసాడం దాటిపోద్ది. ఈ ఏడు కాయంతా మనమే దించీసుకుంటాం, అప్పా."